పదిహేను మేకల లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే పూర్వ విద్యార్థులు సాధారణంగా క్రమశిక్షణ గురించి, పట్టుదల గురించి రాస్తారు. అవి మీకు కావలసిన మాటలే. అయితే వాటిని మీ వార్డెన్ గారూ, సార్లూ రోజూ చెబుతూనే ఉంటారు. నేను మాత్రం ఆట గురించి రాయదలిచాను. కబడ్డీ, వాలీబాల్ కాదు. కూర్చుని ఆడే యుద్ధపు ఆట.

ముందుగా ఒక సంఘటన చెబుతాను. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం, నేనూ నా స్నేహితుడూ హాస్టల్ వరండాలో బొగ్గుతో పులిజూదం గీసుకుని ఆడుతున్నాం. పులులకు మూడు గులకరాళ్ళు, మేకలకు పదిహేను చింతగింజలు. అటుగా వచ్చిన ఒక పెద్దాయన "జూదమా మీరు ఆడేది?" అని కోప్పడి, తడిగుడ్డతో గీతలు తుడిపించి, మా ఇద్దరినీ మోకాళ్ళ మీద నిలబెట్టారు. ఆయన మీద నాకు ఇప్పుడు కోపం లేదు. పేరులో జూదం అని ఉంది, అందుకే పొరబడ్డారు. అందులో పైసా పందెం లేదని, ఉన్నదంతా లెక్కేనని చెప్పే ధైర్యం ఆ రోజు మాకు లేకపోయింది. ఇన్నేళ్ళ తరువాత ఆ మాట ఇక్కడ చెబుతున్నాను.

నా అభిప్రాయం ఇది. యుద్ధపు ఆటను అర్థం చేసుకుని ఆడినవాడు బలం అంటే ఏమిటో తెలుసుకుంటాడు. అర్థం చేసుకోకుండా ఆడినవాడు టైము పోగొట్టుకుంటాడు. కాబట్టి ఆటను తుడిపించడం కాదు, దాని లెక్కను నేర్పించడం మంచిది.

పులికి ఏముంది, మేకకు ఏముంది?

మీలో కొందరికి పులిజూదం తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పటం మీద గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. ముందు పులులు శిఖరం దగ్గర కూర్చుంటాయి. మేకలు ఒక్కొక్కటిగా పటం మీదికి వస్తాయి. పదిహేనూ వచ్చేదాకా మేకలకు కదిలే హక్కు లేదు. పులి మాత్రం మొదటి నుంచీ కదులుతుంది. పక్కనే మేక ఉండి, దాని వెనక అదే గీత మీద చోటు ఖాళీగా ఉంటే పులి దూకి మేకను తినేస్తుంది. మేక పులిని తినలేదు. మేకలు చేయగలిగిందల్లా పులులకు కదలడానికి చోటు లేకుండా కట్టేయడం. ఊరూరికీ నియమాలలో చిన్న చిన్న తేడాలున్నా అసలు ఆట ఇదే.

ఇప్పుడు విడివిడిగా చూడండి. పులికి నడక ఉంది, దూకుడు ఉంది, చంపే శక్తి ఉంది, చావు లేదు. మేకకు నడక ఒక్కటే ఉంది, అదీ ఆలస్యంగా. ఒక కాగితం మీద ఈ రెండింటి గుణాలూ రాసి చూపిస్తే ఎవరైనా పులినే కోరుకుంటారు. మా తాత మాత్రం ఎప్పుడూ మేకలనే తీసుకునేవాడు. ఆయన మేకల కాపరి. మధ్యాహ్నం పూట మేకలు చెట్టునీడకు చేరితే, గుట్ట మీద బండపై ఎవరో ఎప్పుడో చెక్కిన పటం దగ్గర కూర్చుని నాకు ఆట నేర్పాడు. నేను పులులను తీసుకుని ఎగిరెగిరి దూకేవాణ్ణి. చివరికి కదలలేక కూర్చునేవాణ్ణి. నేను మేకలను తీసుకుని ఓడిపోయిన రోజు ఆయన చెప్పిన మాట ఒకటే. "ఒంటి మేకను పెట్టొద్దురా అబ్బీ. యానకాల ఒకటి ఉండాల."

ఈ ఒక్క మాటలో ఆట రహస్యమంతా ఉంది. మేకకు కవచం లేదు. దాని వెనక ఇంకో మేక ఉంటే పులి దూకడానికి చోటు ఉండదు. అంటే మేకకు కవచం దాని ఒంటి మీద లేదు, వెనక నిలబడినవాడి దగ్గర ఉంది. అలాగే, దాటి దూకడానికి అవతల గీత లేని కొస చోట్లలో మేకకు భయం లేదు. కాబట్టి తెలిసినవాళ్ళు మొదటి మేకలను కొసల్లో పెట్టి, అక్కడి నుంచి ఒకదానికొకటి ఆనుకుంటూ లోపలికి వస్తారు. తెలియనివాళ్ళు నడిమధ్యలో పులి పక్కన పెట్టి పోగొట్టుకుంటారు.

ఇంకో చిన్న లెక్క. 23 చోట్లలో 18 కాయలు పోతే మిగిలే ఖాళీలు 5. పదిహేను మేకలూ బతికి ఉంటే పులులు తిరగడానికి ఆ ఐదు ఖాళీలే. వాటిని పులులకు అందకుండా చేస్తే ఆట అయిపోతుంది. ఒక మేక చచ్చిన ప్రతిసారీ పటం మీద ఒక ఖాళీ పెరుగుతుంది. ఐదు మేకలు పోతే ఖాళీలు పది. చచ్చిన మేకతో పోయేది ఒక మేక మాత్రమే కాదు, దాని వెనకా ముందూ ఉన్నవాటి రక్షణ కూడా. అందుకే మొదటి మేకను కాపాడుకోవడం పదో మేకను కాపాడుకోవడం కంటే ముఖ్యం.

నేపాల్ దేశంలో ఇలాంటి ఆటే ఒకటి ఉంది. దాని పేరు బాఘ్ చాల్. అందులో 4 పులులు, 20 మేకలు, 25 చోట్లు. దాన్ని కంప్యూటర్లతో లెక్కగట్టిన పరిశోధకులు, ఇరువైపులా తప్పు లేకుండా ఆడితే ఎవరూ గెలవరని, ఎవరూ ఓడరని తేల్చారు. చూశారా! చంపగలిగినదీ, చంపలేనిదీ సమానం. చూపుకు బలహీనంగా ఉన్నదాన్ని బలహీనమైనదని మనమే అనుకుంటున్నాం.

కంప్యూటర్ ఆటలో అంకెలు

ఇంటర్ చదివేటప్పుడు అనంతపురంలో ఒక నెట్ సెంటర్‌లో నేను మొదటిసారి కంప్యూటర్ మీద యుద్ధపు ఆట చూశాను. దాని పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. 1997లో వచ్చిన మొదటి భాగంలో రాతియుగం నుంచి ఇనుపయుగం దాకా, 1999లో వచ్చిన రెండో భాగంలో కోటలూ రౌతులూ ఉన్న మధ్యయుగం కథ. గంటకు ఇంత అని కట్టి ఆడేవాళ్ళం. నా పక్కన కూర్చున్న కుర్రాళ్ళు బంగారమంతా పోసి పెద్ద గుర్రపు రౌతులనే తయారుచేసుకుని ఎదుటివాడి మీదికి తోలేవారు. ఓడిపోయి "ఈ ఆటలో మోసం ఉంది" అనేవారు. మోసం లేదు. వాళ్ళు అంకెలు చదవలేదు, అంతే.

ఈ ఆటలో ప్రతి సైనికుడికీ కొన్ని అంకెలు ఉంటాయి. ప్రాణం ఎంత, దెబ్బ ఎంత, కవచం ఎంత, ఎంతసేపటికి ఒక దెబ్బ వేస్తాడు, తయారు కావడానికి ఖర్చు ఎంత. ఎదుటివాడి దెబ్బలో నుంచి నీ కవచం తీసేస్తే వచ్చేదే నీ ప్రాణంలో తగ్గేది. కొందరికి మాత్రం ఫలానావాడి మీద అదనపు దెబ్బ ఉంటుంది.

రెండో భాగానికి 2019లో వచ్చిన కొత్త కూర్పులో నైట్ అనే రౌతును, స్పియర్‌మ్యాన్ అనే ఈటెవాణ్ణి తీసుకుందాం. రౌతుకు ప్రాణం 100, దెబ్బ 10, కవచం 2, 1.8 సెకన్లకు ఒక దెబ్బ. ఖర్చు 60 తిండి, 75 బంగారం. ఈటెవాడికి ప్రాణం 45, దెబ్బ 3, కవచం సున్న, 3 సెకన్లకు ఒక దెబ్బ. ఖర్చు 35 తిండి, 25 కట్టె. బంగారం అక్కరలేదు. పైకి చూస్తే ఈటెవాడు రౌతు ముందు ఏ మూలకూ చాలడు. అయితే గుర్రం మీద ఉన్నవాడి మీద ఈటెవాడికి 15 అదనపు దెబ్బ ఉంది. దెబ్బ 3లో కవచం 2 తీసేస్తే 1. దానికి 15 కలిపితే 16.

ఇప్పుడు ఒక రౌతు, ఒక ఈటెవాడు ఒకేసారి మొదలుపెట్టి పోరాడారనుకోండి. రౌతు ఐదు దెబ్బలలో ఈటెవాణ్ణి చంపుతాడు. దానికి అతనికి పట్టేది 7.2 సెకన్లు. ఆలోగా ఈటెవాడు వేయగలిగింది మూడు దెబ్బలు, అంటే 48. రౌతుకు ఇంకా 52 ప్రాణం మిగిలి ఉంటుంది. అదనపు దెబ్బ ఉన్నా ఒంటరి ఈటెవాడు ఓడిపోయాడు.

ఇద్దరు ఈటెవాళ్ళు కలిసి ఒక రౌతును ఎదుర్కొంటే? ఇద్దరి ఖర్చు 120, రౌతు ఒక్కడి ఖర్చు 135. అంటే ఖర్చు ఇంకా తక్కువే. ఒక్కో విడతకు ఇద్దరి దెబ్బ 32. రౌతు మొదటివాణ్ణి పడగొట్టే సమయానికి మూడు విడతలలో 96 తగిలి ఉంటుంది. రౌతుకు మిగిలింది 4. మరో రెండు సెకన్లలో రెండోవాడి ఈటె దిగుతుంది. రౌతు పడిపోతాడు. ఒక్కడైతే సగం కూడా చంపలేకపోయినవాడు, ఇంకొకడు పక్కన నిలబడితే గెలిచాడు. ఇది చూసినప్పుడు నాకు మా తాత మాట గుర్తుకొచ్చింది. "యానకాల ఒకటి ఉండాల." ఆయన కంప్యూటర్ ముఖం చూడలేదు, బడి ముఖమూ చూడలేదు. లెక్క మాత్రం ఇదే.

కాబట్టి ఫోనులో యుద్ధపు ఆట ఆడే తమ్ముళ్ళకు నేను చెప్పేది ఏమిటంటే, ఓడిపోయిన తరువాత వెంటనే మళ్ళీ మొదలుపెట్టకండి. రఫ్ నోటు తీసి ఈ అంకెలు రాసుకోండి. ఎవరి మీద ఎవరు ఎన్ని దెబ్బలలో పడతారో భాగహారం చేయండి. ఎవరి దగ్గర ఎంత ఖర్చయిందో పక్కన వేసుకోండి. అప్పుడు ఆట మీ చేతిలో ఉంటుంది. లేకపోతే మీరే ఆట చేతిలో ఉంటారు.

పాత పుస్తకాల్లోనూ ఇదే లెక్క

ఈ అంకెల పద్ధతి తెల్లవాళ్ళు కనిపెట్టింది కాదు. భారతంలో సేనను లెక్కపెట్టే కొలతలు మీరు విన్నవే. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు కలిస్తే ఒక పత్తి. దాన్ని ఏడుసార్లు మూడేసి రెట్లు పెంచి, చివర పదితో హెచ్చవేస్తే అక్షౌహిణి. అంటే 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాలిబంట్లు. కురుక్షేత్రంలో కౌరవులకు 11, పాండవులకు 7 అక్షౌహిణులు. అంకెలు మాత్రమే బలమైతే ఆ యుద్ధం కౌరవులే గెలవాలి.

ఇంకా సూటిగా చెప్పింది కౌటిల్యుని అర్థశాస్త్రం. చాలాకాలం కనబడకుండా పోయిన ఆ గ్రంథం తాళపత్ర ప్రతి మన పొరుగున ఉన్న మైసూరులో 1905లో శామశాస్త్రి గారి చేతికి దొరికింది. 1909లో అచ్చయింది. అందులో ఎవరిని ఎదుర్కోవడానికి ఎవరు ఎంతమంది కావాలో రాసి ఉంది. ఒక గుర్రానికి ఎదురుగా ముగ్గురు మనుషులు. ఒక రథానికి లేదా ఏనుగుకు ఎదురుగా పదిహేను మంది మనుషులు, ఐదు గుర్రాలు. పదిహేను! మన మేకల సంఖ్యే. ఇది కాకతాళీయం కావచ్చు. ఆలోచన మాత్రం ఒకటే. ఏనుగు ఎంత పెద్దదని భయపడటం కాదు, ఏనుగుకు ఎంతమంది సరిపోతారని లెక్కపెట్టడం.

అదే గ్రంథం చోటు గురించి, వేళ గురించి కూడా చెబుతుంది. పగలు కాకి గుడ్లగూబను చంపుతుంది, రాత్రి గుడ్లగూబ కాకిని చంపుతుంది అంటుంది. మన కటారుపల్లి వేమన్న మొసలి మీద చెప్పిన పద్యం మీ అందరికీ నోటికి వచ్చు. ఆ పద్యంలో ఉన్నదీ ఇదే. మొసలి బలం మొసలిలో ఎంత ఉందో నీళ్ళలో అంత ఉంది. కంప్యూటర్ ఆటలో గుట్ట మీద నిలబడినవాడి దెబ్బ కిందివాడికి ఎక్కువ తగులుతుంది. పులిజూదంలో కొస చోటు మేకను కాపాడుతుంది. అన్నీ ఒకే సూత్రం.

ఆటలో లేని అంకె

నేను ఆ ఆట ఆడుతున్నప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. ఆ ఆటలో రాజ్యం నడపడానికి తిండి, కట్టె, బంగారం, రాయి కావాలి. నీళ్ళు అక్కరలేదు. ఎడారిలో కోట కట్టినా సైనికుడికి దాహం వేయదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో పుట్టినవాడికి ఇది వింతగా తోచదా?

గుత్తి కోటను చూడండి. నిటారు గుట్టల మీద, దడి మీద దడి కట్టినట్టు ప్రాకారాలు. కంప్యూటర్ ఆటలో అయితే దాని అంకెలు చూసి ఎవరూ దగ్గరికి రారు. మరాఠా సర్దారు మురారి రావు చేతిలో ఉన్న ఆ కోటను 1776లో హైదర్ అలీ పట్టుకున్నాడు. గోడలు పగిలి కోట లొంగలేదు. ముట్టడిలో పైన నీళ్ళు అయిపోయి లొంగింది. సంధి మాటలు నడుస్తుండగా, కోటలో మూడు రోజులకే నీళ్ళున్న సంగతి లోపలి నుంచి వచ్చిన ఒక యువకుడి నోట బయటపడిందనీ, అది విన్న హైదర్ సంధికి ఒప్పుకోకుండా పట్టు బిగించాడనీ విల్క్స్ అనే ఆంగ్ల చరిత్రకారుడు రాశాడు. అంత పెద్ద కోట బలం, చివరికి కుండలో నీళ్ళంత!

పెనుకొండది ఇంకో పాఠం. 1565 జనవరి 23న తళ్ళికోట యుద్ధంలో విజయనగరానికి పెద్ద సైన్యం ఉంది. అళియ రామరాయలు పట్టుబడి తల పోగానే ఆ సైన్యమంతా చెదిరిపోయింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజధాని వదిలి పెనుకొండకు చేరాడు. 2022లో జిల్లా విడిపోయాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది కానీ, ఆ కథ మన అందరిదీ. చదరంగంలోనూ ఇంతే. మంత్రికి 9, ఏనుగుకు 5, గుర్రానికి 3, బంటుకు 1 అని విలువలు కడతారు. ఎన్ని విలువలు మిగిలి ఉన్నా రాజు కదలలేని చోట చిక్కితే ఆట ముగుస్తుంది. పులిజూదంలో మేకలకు రాజు లేడు. ఏ మేక పోయినా మిగిలిన పద్నాలుగూ ఆట నడుపుతాయి. ఒకరి మీద ఆధారపడిన సేనకూ, ఒకరికొకరు ఆసరాగా ఉన్న సేనకూ ఉన్న తేడా ఇది.

కాబట్టి కాగితం మీద ఉన్న అంకె అబద్ధం కాదు. అయితే అది సగం నిజం. పక్కన ఎవరున్నారు, ఎక్కడ నిలబడ్డారు, కుండలో నీళ్ళెన్ని అన్నవి మిగతా సగం.

అభ్యంతరాలకు జవాబు

దీనికి పెద్దలు కొన్ని అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, ఇది జూదం అని. డబ్బు పెట్టి ఆడే ఆట ఏదైనా తప్పే. అందులో నాకు రెండో మాట లేదు. ఫోనులో డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటి ఆటలను మన రాష్ట్రం 2020లో నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఎవరైనా కాస్మెటిక్ చార్జీల డబ్బులు పెట్టి ఆడదామంటే వాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చేయండి. చింతగింజలతో ఆడేది మాత్రం జూదం కాదు.

రెండోది, చదువు పాడవుతుందని. ఇందులో నిజం ఉంది. స్టడీ అవర్‌లో ఆడితే పాడవుతుంది. దుప్పటి కప్పుకుని అర్ధరాత్రి దాకా ఫోను చూస్తే కళ్ళూ, చదువూ రెండూ పాడవుతాయి. దానికి ఆటల టైములో ఆడటం మందు కానీ అసలు ఆడకపోవడం మందు కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ, 2024లోనూ ప్రపంచ రాపిడ్ చాంపియన్ అయింది. ఆమెకు చిన్నప్పుడే చదరంగం పలక ఇంట్లో దొరికింది. మనకు ఆ పలక హాస్టల్లోనే దొరకాలి.

మూడో అభ్యంతరం నాది. ఎవరూ అడగకపోయినా నేనే చెప్పాలి. యుద్ధపు ఆటలో అలవాటయ్యే ఒక చెడ్డ గుణం ఉంది. మనిషిని అంకెగా చూడటం. పులిజూదంలో ఆరితేరినవాళ్ళు ఒక మేకను కావాలని ఎరగా వేసి, పులి దూకగానే దాని దారి మూసేస్తారు. ఎత్తు మంచిదే. నిజం యుద్ధంలో ఆ ఎర ఎవరు? పద్దెనిమిది అక్షౌహిణులకు కాలిబంట్లు 19,68,300 మంది. రథాల మీద ఉన్నవాళ్ళ పేర్లు, వాళ్ళ గుర్రాల పేర్లు, వాళ్ళ శంఖాల పేర్లు కూడా మనకు తెలుసు. ఈ పందొమ్మిది లక్షలమందిలో ఎవరి పేరైనా తెలుసా? ఏనుగుకు ఎదురుగా నిలబెట్టిన ఆ పదిహేను మందీ ఏ ఇళ్ళ నుంచి వచ్చి ఉంటారు? మనలాంటి ఇళ్ళ నుంచే అని నేను అనుకుంటాను. అందుకే ఈ ఆట మనం ఆడాలి. ఆడుతున్నప్పుడు మేక వైపు నుంచి ఆలోచించాలి.

నాతో మోకాళ్ళ మీద నిలబడ్డవాడు

చివరగా, మొదట్లో చెప్పిన స్నేహితుడి సంగతి. వాడు నాకంటే బాగా ఆడేవాడు. లెక్కల్లో మా తరగతికే మొదటివాడు. మేకలు తీసుకుంటే వాణ్ణి ఓడించడం ఎవరివల్లా అయ్యేది కాదు. 2002లో వానలు లేక శెనక్కాయ పంట పోయింది. మేం తొమ్మిదో తరగతిలో ఉన్నాం. దసరా సెలవులకు ఇంటికి పోయినవాడు తిరిగి రాలేదు. అమ్మానాన్నలతో పాటు బెంగళూరుకు, కట్టడం పనికి పోయాడు. వాడి ట్రంకు పెట్టె రెండు నెలలు మా గదిలోనే ఉంది. తరువాత ఎవరో వచ్చి తీసుకుపోయారు.

మేం ఇరవై మందిమి ఉన్నాం ఆ గదిలో. ఒక్కరమూ సార్ల దగ్గరికి పోయి "వాడు రాలేదు, ఎవరైనా పోయి పిలుచుకొస్తే బాగుండు" అని అనలేదు. ఒక్క ఉత్తరం రాయలేదు. మార్కుల్లో వాడి అంకె మా అందరికంటే పెద్దది. వాడి వెనక మాత్రం చోటు ఖాళీగా ఉంది. కరువు దూకింది. ఆట అంత బాగా తెలిసిన మేం ఆ ఎత్తు చూసుకోలేకపోయాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మిమ్మల్ని చాలామంది అంకెలతో కొలుస్తారు. మార్కులు, ర్యాంకు, ఇంటి ఆదాయం, అటెండెన్స్. ఆ అంకెలు పెంచుకోండి, తప్పదు. అయితే అవే మీ బలం అనుకోకండి, అవే మీ బలహీనత అని అంతకంటే అనుకోకండి. మీ గదిలో ఎవరైనా సెలవుల తరువాత రెండు రోజులు ఆలస్యం చేస్తే మూడో రోజు వార్డెన్ గారికి చెప్పండి. లెక్కలు రానివాడి పక్కన లెక్కలు వచ్చినవాడు కూర్చోండి. జ్వరం వచ్చినవాడి పళ్ళెం ఇంకొకడు తెచ్చిపెట్టండి. ఒంటి మేకను పెట్టకపోవడం అంటే ఇదే.

పెద్దలకు, వార్డెన్ గారికి నా విన్నపాలు మూడు. ఒకటి, వరండాలో ఒక మూల సిమెంటు నేల మీద పెయింటుతో పులిజూదం పటం గీయించండి. ఖర్చు ఒక డబ్బా పెయింటు. చింతగింజలు వంటగదిలోనే దొరుకుతాయి. రెండు, వచ్చే వార్షికోత్సవం ఆటల పోటీల్లో కబడ్డీ, ఖోఖోలతో పాటు పులిజూదానికీ, చదరంగానికీ ఒక్కో బహుమతి పెట్టండి. మూడు, పోటీలో గెలిచినవాళ్ళు తాము ఎలా గెలిచారో చిన్న తరగతులవాళ్ళ ముందు బోర్డు మీద గీసి చెప్పాలని నియమం పెట్టండి. గెలవడం ఒక ఎత్తు. గెలుపును ఇంకొకరికి అర్థమయ్యేట్టు చెప్పడం ఇంకో ఎత్తు.

ఆ పటం గీసిన రోజు కబురు చేయండి. నేను వస్తాను. మేకలు మీరు తీసుకోండి. పులులు నాకివ్వండి. నన్ను కదలకుండా కట్టేస్తే అంతకంటే సంతోషం నాకు లేదు.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి